టైరు మీద సుద్దగీత

మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటుకు రంగులు వేయిస్తున్నారు. మొన్న కూరగాయలకు పోదామని బండి తీయబోతుంటే పెయింటింగ్ మేస్త్రీ నన్ను ఆపాడు. మదనపల్లె వైపు మనిషి. నిచ్చెన మీద నుంచే బ్రష్షుతో పైకప్పు చూపించి, "ఏం సామీ, ఈడ ఏం కాల్చినారు? ఎన్ని పూతలు కొట్టినా నలుపు మళ్లా బయటికి వస్తా ఉండాది" అన్నాడు.

లిఫ్టు పక్కనే ఉన్న పార్కింగు చోటు అది. ఇప్పుడు అక్కడ ఎవరిదో తెల్ల కారు ఉంటుంది. దాని మీద స్లాబుకు ఇంకా మసి అంటుకొని ఉందని నేను గమనించనే లేదు.

"కారు కాలింది" అన్నాను.

"ఎట్ల కాలింది?"

ఆ ప్రశ్నకు ఒకప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పవలసి వచ్చింది నాకు. అందుకని మేస్త్రీకి ఏమీ చెప్పకుండా బండి తీసుకొని బయటపడ్డాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ రోడ్ల మీద పోతున్నంతసేపూ ఆ కారు నడిపిన ఆమే గుర్తొచ్చింది. కూరలు కొన్నప్పుడు కూడా, వంకాయ చేతిలోకి తీసుకొని పుచ్చు ఉందా లేదా అని తిప్పి చూస్తుంటే, ఆమె చూసే పద్ధతిలో చూస్తున్నానని అనిపించింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఫోన్ చేసి ఎందుకు రాశావని అడుగుతుంది.

ఎందుకు అన్నది ఆమె ఊతపదం. మొదటిసారి నాతో అన్న మాట కూడా అదే. మేము ఈ అపార్ట్‌మెంటుకు వచ్చిన కొత్తలో, లిఫ్టు ముందు బియ్యం సంచీతో నిలబడి ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు పూర్తిగా, ఎడమకాలు కొంత సన్నబడ్డాయి. కుడికాలికి ఇనుప పట్టీల బూటు, చేతిలో కర్ర. నేను మర్యాదగా, "ఇలా ఇవ్వండక్కా, నేను తెస్తాను" అన్నాను. ఎవరైనా ఇస్తారు, లేకపోతే వద్దులే అంటారు. ఆమె నా చేతుల వంక చూసి, "ఎందుకు?" అంది. వేళాకోళం కాదు, కోపమూ కాదు. నిజంగానే కారణం కావాలి ఆమెకు. నేను తడబడి, "ఊరికే" అన్నాను. "ఊరికే ఎవురూ ఏమీ చెయ్యరప్పా" అని సంచీని కర్రతో లిఫ్టులోకి తోసుకొని పైకి పోయింది.

అనంతపురంలో పుట్టి పెరిగిన నాకు ఆ మాటతీరు కొత్త కాదు. వాళ్లది తాతల కాలం నుంచి బెంగళూరే. ఇంట్లో ఆమె, వాళ్లమ్మ. ఆమె పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లనందరినీ ఎందుకని అడిగి ఉంటుందని మా ఆవిడ అంటుంది.

బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పని చేసేది. యంత్రాల నుంచి వచ్చిన ముక్కల్ని తిప్పి చూసి, బాగుంటే సుద్దతో టిక్కు, బాగాలేకపోతే అడ్డగీతలు. జీవితమంతా అదే పని. ఎదుటివాడు సరిగ్గానే ఉన్నాడని నమ్మి మొదలుపెడితే ఆ ఉద్యోగం చేయలేరు. ఇంటికి వచ్చాక కూడా ఆ ఉద్యోగం మానేది కాదు. పాలపాకెట్టును చెవి దగ్గర పెట్టుకొని ఊపేది. పూలమ్మే ఆమె మూర కొలుస్తుంటే పూలను కాక ఆమె మోచేతిని చూసేది. ఎవరితో మాట్లాడినా కళ్లు వాళ్ల చేతుల మీదే. ఒకసారి అడిగేశాను, మొహం చూసి మాట్లాడొచ్చు కదా అని. "మొగం ఏమైనా చెప్తాదప్పా. చేతులు దొరికిపోతాయి" అంది. అప్పటి నుంచి ఆమె ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇక కారు. చిన్న కారే, గేర్లు మార్చే పని లేనిది. దాన్ని తన కోసం మార్పించుకుంది. స్టీరింగు పక్కన ఒక ఉక్కు కడ్డీ, ముందుకు నెడితే బ్రేకు, తన వైపు లాగితే వేగం. కాళ్లతో పనే లేదు. హోసూరు రోడ్డు మీద లారీల మధ్య ఆ కడ్డీని నెడుతూ లాగుతూ పోతుంటే చూడాలి. నేను ఎలక్ట్రానిక్ సిటీకి ఆఫీసు బస్సులో పోతూ అప్పుడప్పుడూ కిటికీలోంచి చూసేవాణ్ణి. నడిచేటప్పుడు ఒక్కొక్క అడుగూ అనుమానంగా వేసే మనిషి, ఆ సీట్లో కూర్చున్నాక హారన్ కొడుతూ ఎవరికీ దారి ఇచ్చేది కాదు.

ఆ కారును ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కార్లు కడిగేవాడు బకెట్టుతో దగ్గరికి వస్తే కర్ర అడ్డం పెట్టేది. తనే ఒక ప్లాస్టిక్ స్టూలు వేసుకొని కూర్చొని తుడుచుకునేది. సాయంత్రం కారు పెట్టాక ఆమె చేసే పని ఒకటుంది. అది చూడటానికి పైఅంతస్తుల పిల్లలు కూడా దిగివచ్చేవాళ్లు. వెనక చక్రం దగ్గర కర్ర ఊతంతో మెల్లగా వంగి, సంచీలోంచి సుద్దముక్క తీసి, టైరు మీద మొదలుపెట్టి నేల దాకా ఒకే గీత గీసేది. టైరు మీద సగం, నేల మీద సగం. పొద్దున ఆ రెండు సగాలూ కలిసి ఉంటే కారును ఎవరూ కదిలించలేదని, టైరు ముట్టుకోలేదని లెక్క. కలిసే ఉండేవి. ఐనా ప్రతి పొద్దూ చూసి, చెరిపి, అప్పుడు తలుపు తీసేది.

అప్పట్లో నేను అసోసియేషన్ సెక్రెటరీని. ఎవరూ ముందుకు రాకపోతే నన్ను తోశారు. ప్రెసిడెంటు నెల్లూరాయన, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన కారు ఆమె కారు పక్కనే. లిఫ్టును ఆనుకొని ఉన్న చోటు తనకు కావాలని ఆయనకు చాలాకాలంగా ఆశ. మోకాళ్ల నొప్పులనే వంకతో ఒకసారి అడిగాడు కూడా. ఆమె ఏమందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆయుధపూజ నాడు మా బేస్‌మెంటు ఎట్లా ఉంటుందో బెంగళూరులో ఉండేవాళ్లకు తెలుసు. పొద్దున్నే అందరూ బళ్లు కడిగి, అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకొని నిలబడతారు. పూజారి వరసగా వచ్చి హారతి ఇస్తాడు. కుంకుమ నింపిన బూడిదగుమ్మడికాయ పగలగొడతారు. ఆ వరసలో ఆమె కారు ఒక్కటే బోసిగా ఉండేది. ఆ ఏడాది కూడా పూజారి హారతిపళ్లెంతో దాని ముందు ఆగి నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె అంతకు ముందే చెప్పి పెట్టింది. "నా కారు నేను చూసుకుంటా. దానికి మీ దిష్టి తగలదు, మీ పూజా తగలదు" అని.

పూజ అయిపోయింది, అందరూ భోజనాలకు పైకి పోయారు. మధ్యాహ్నం నేను తిన్నది అరక్క సోఫాలో వాలి ఉంటే వాచ్‌మన్ ఈల వినిపించింది. లిఫ్టు సందులోంచి పొగ వస్తోంది. మెట్ల మీద పరుగెత్తాను. ఆమె కారు లోపల మంట, అద్దాలు నల్లబడి పగులుతున్నాయి. వాచ్‌మన్లు స్తంభాలకు తగిలించి ఉండే ఎర్ర సిలిండర్లు తెచ్చి పొడి కొట్టారు. ఫైరింజను వచ్చేసరికి మంట ఆరిపోయింది. ముందు సీట్లు, డాష్‌బోర్డు, స్టీరింగు అంతా కరిగి ముద్దయింది. ఆ ముద్ద మధ్యలో ఉక్కు కడ్డీ ఒక్కటి నల్లగా నిలబడి ఉంది. ప్రెసిడెంటుగారి కారుకు ఒక పక్క రంగు పొంగి లేచింది.

ఆమె లిఫ్టులో దిగింది. ఏడుస్తుందేమోనని మా ఆవిడ దగ్గరికి పోయింది. ఆమె ఏడవలేదు. కారు చుట్టూ ఒకసారి నడిచి, వెనక చక్రం దగ్గర ఆగి, కర్ర ఊతంతో వంగింది. చాలాసేపు వంగే ఉంది. లేచి మా అందరి చేతులూ వరసగా చూసింది.

"ఎవురు తుడిచినారు?"

దెబ్బకు మతి చెడిందనుకున్నాం. కాదు. పండగని ఆమె ఆ రోజు కారు తీయలేదు. నేల మీద ముందురోజు సుద్దగీత సగం ఉంది, టైరు మీద సగం లేదు.

"మంట ఆర్పేటప్పుడు చెరిగి ఉంటుందక్కా" అన్నాను.

"వెనకవైపు ఎవురూ రాలే. పొడి కూడా పడలే. ఎవురో తడిగుడ్డతో తుడిచినారు. తుడిచినోళ్లే తలుపు తీసినారు." నా వైపు తిరిగింది. "ఏమప్పా సెక్రెటరీ, నీ చేతికి కుంకుమ ఎందుకుండాది?"

"పొద్దున పూజ చేశాం కదక్కా."

"నా కారుకి చేసినావా?"

"లేదు."

"మళ్లా ఎవురు చేసినారు?"

అక్కడ మొదలైంది. ఆ తర్వాత మా అపార్ట్‌మెంటులో ఎవరూ ఎవరినీ నమ్మలేదు. వాచ్‌మన్‌ను నిలబెట్టి ఆ మధ్యాహ్నం ఎక్కడ తిన్నావు, ఏం తిన్నావు, చెయ్యి ఎక్కడ కడిగావు అని అడిగింది. అతను టాయిలెట్‌కు పోయిన సంగతి కూడా కక్కించింది. ప్రెసిడెంటుగారిని లిఫ్టులో పట్టుకొని, "మీకు నా చోటు కావాల గదా సార్?" అంది. ఆయన బీపీ మాత్ర వేసుకున్నాడని విన్నాను. నన్నైతే కనబడిన ప్రతిసారీ, "నీకు తెలుసు, చెప్పడం లే" అనేది. అప్పటికి నాకేమీ తెలియదు. ఐనా ఆమె చూపు పడితే ఏదో తెలిసినట్టే నా చేతులు వెనక్కు పోయేవి.

అవతలివాళ్ల అనుమానాలు వేరు. మా గ్రూపులో రోజంతా మెసేజులే. కారుకు లేనిపోనివి బిగిస్తే కాలక ఏమవుతుందని ఒకరు. కుర్రాళ్లు సైలెన్సర్లు మార్పించుకున్నట్టు ఈమె కడ్డీ పెట్టించుకుందని ఇంకొకరు. దానికీ దీనికీ తేడా చెప్పబోయి నేను నాలుగు మాటలు పడ్డాను.

ఇన్సూరెన్సు కంపెనీ ఒక సర్వేయరును పంపింది. ఆయన సన్నటి మనిషి, ఎవరినీ నమ్మని మొహం. కారులోకి వంగి కడ్డీని వేలితో తట్టి, "ఈ మాడిఫికేషన్ ఎక్కడ చేయించారు?" అన్నాడు. "ఎందుకు?" అంది ఆమె. "చెప్పాలి మేడం." "ఎందుకు చెప్పాల?" ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ అరగంట గడిపారు. చివరికి ఆమే కాగితాలు చూపించింది. ఆర్టీవో అనుమతి ఉంది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "అది ఉత్త ఉక్కు అప్పా. దాంట్లో కరెంటు లేదు, నూనె లేదు. ఉక్కు ఎట్ల అంటుకుంటాది?" అని అడిగింది. ఆయన దానికి ఒప్పుకున్నాడు. కానీ మంట డ్రైవరు సీటు దగ్గర మొదలైందని, ఎందుకు మొదలైందో చెప్పలేనని అన్నాడు.

ప్రెసిడెంటుగారికి ఆ మొదటి సగం చాలు. డ్రైవరు సీటు దగ్గరంటే కడ్డీ దగ్గరే. ఆదివారం మీటింగు పెట్టాడు. మార్పులు చేసిన బండి ఏదైనా ఇక బేస్‌మెంటులోకి రాకూడదు, బయట రోడ్డు మీదే పెట్టుకోవాలి, ఇదీ తీర్మానం. భద్రత పేరు చెబితే కాదనేవాళ్లు ఉండరు. మా గేటు బయట రోడ్డు ఎప్పుడూ ఏదో పైపు కోసం తవ్వి ఉంటుంది. గేటు నుంచి లిఫ్టు దాకా నిటారు వాలు. మామూలు మనుషులమే వానాకాలంలో జారతాం. ఆ వాలు దిగడం, ఎక్కడం ఆమె వల్ల కాదు. కొత్త కారు కొన్నా దాన్ని మార్పించుకోకుండా నడపడం కుదరదు. అంటే ఇక పొద్దున ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని తీసుకుపోవాలి, సాయంత్రం ఎవరో ఒకరు తీసుకురావాలి. ఎవరినీ నమ్మని మనిషి ప్రతిరోజూ ఎవరినో ఒకర్ని నమ్మాలి. నాకు అది తలుచుకుంటేనే భయం వేసింది. ఆమెకు ఎట్లా ఉండిందో.

మీటింగు సంగతి ముందుగా నా నోటితో చెబుదామని శనివారం వాళ్లింటికి పోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. వాళ్లమ్మ ఒక్కతే ఉంది. అందరం ఆమెను అవ్వ అనేవాళ్లం. ముడతల చేతులు, నుదుట రూపాయంత బొట్టు. కూతురికి పూర్తిగా ఎదురు స్వభావం. గుమ్మంలోకి ఎవరొచ్చినా కాఫీ కలిపేది.

"కూసో నాయనా. అది ఆటోని లిఫ్టు దాకా పిలిపించుకోని పని మీద పోయుండాది, వచ్చేస్తాది" అని గ్లాసు చేతికిచ్చి, తనూ ఒక గ్లాసు పట్టుకొని ఎదురుగా కూర్చుంది. "రేపు మీటింగులో ఏమంటారు?"

"కారు బయట పెట్టుకోమంటారేమో అవ్వా. ఆ కడ్డీ వల్లే కాలిందని వాళ్ల అనుమానం."

అవ్వ నవ్వింది. "కడ్డీ వల్లనా? దానివల్ల ఏమీ కాదు. దానికి నేను పూజ చేసినాను."

నా కాఫీ చేతిలోనే ఆగిపోయింది. "ఎప్పుడు?"

"ఆ పొద్దే. అది అన్నం తిని పండుకున్నాది. మేకుకి ఉండే కారు బీగంచెవి తీసుకొని కిందికి పోయినా. అందురి బళ్లకీ పూజ అయింది, నా బిడ్డ బండి మాత్రం ముండమోపి మాదిరి నిలబడి ఉండాది. చక్రాలు తడిగుడ్డతో తుడిచినా. బొట్లు బయట పెడితే అది చూసి గలాటె చేస్తాదని లోపలే పెట్టినా. ఆ కడ్డీకి గంధం పూసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టినా. అందురూ చక్రాలకి మొక్కుతారు. నా బిడ్డకి కాలు ఆ కడ్డే గదా నాయనా. ఈ పొద్దు దానికి మొక్కకుంటే ఇంకెప్పుడు మొక్కేది?"

అడగాలని లేదు, అడిగాను. "అగరుబత్తీ?"

"అరటిపండుకి గుచ్చి సీటు మీద పెట్టినా. కొంచెంసేపు నిలబడినా. మోకాళ్లు పీకి పైకొచ్చేసినా." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఏ అనుమానమూ లేదు. "పూజ చేసినా కాబట్టే, అది లోపల లేనప్పుడు కాలింది. లేకుంటే నా బిడ్డ గతి ఏమి? దానికి మాత్రం చెప్పొద్దు నాయనా. నన్ను అడగకుండా చేసినావని కోప్పడతాది."

నేను తల ఎత్తాను. తలుపు సగం తెరిచి ఉంది. గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. కర్రకు రబ్బరు బిళ్ల ఉంటుంది, చప్పుడు కాదు. ఎప్పుడొచ్చిందో తెలియదు కానీ, ఆమె చూస్తున్న తీరును బట్టి అంతా విన్నదని తెలిసింది. కాఫీ గ్లాసు పట్టుకున్న వాళ్లమ్మ చేతుల్ని చూస్తోంది. పండక్కి పెట్టుకున్న గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది వాటికి. ఊరంతా వెతికిన చేతులు ఇంట్లో దొరికాయి.

అరుస్తుందేమో అనుకున్నాను. ఆమె రెండడుగులు వెనక్కు వేసి, కర్రతో తలుపును గట్టిగా తట్టి, అప్పుడే వచ్చినట్టు లోపలికి వచ్చింది.

"ఏమప్పా, ఎందుకొచ్చినావు?"

"రేపటి మీటింగు గురించి..."

"వస్తాను. పో."

మా మీటింగులు బేస్‌మెంటులోనే, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని. ఆ రోజు కాలిన కారు పక్కనే కూర్చున్నాం, మసి వాసన ఇంకా పోలేదు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకొని, "ఎవరినీ ఉద్దేశించి కాదండీ, అందరి క్షేమం కోసం" అని తీర్మానం చదవబోయాడు.

ఆమె లేచింది. లేవడానికి ఆమెకు కొంత సమయం పడుతుంది. అందరూ ఆగాం.

"కడ్డీ వల్ల కాలలే. అగరుబత్తి వల్ల కాలింది. నేనే పెట్టినాను. పెట్టి మర్చిపోయి పైకి పోయినాను."

ప్రెసిడెంటుగారే ముందు తేరుకున్నాడు. "అదేంటమ్మా, మీకు పూజలు పడవుగా?"

"ఆ పొద్దు పడినాయి."

"మరి ఎవరో టైరు తుడిచారని అందర్నీ నిలదీశారే. ఆ వాచ్‌మన్‌ని ఏడిపించినంత పని చేశారు. ఆ గీత సంగతేంటి?"

ఆమె కర్ర పట్టుకున్న వేళ్లు బిగుసుకోవడం నేను చూశాను. మనుషుల చేతులు చూడటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను మరి.

"టైర్లు నేనే తుడుచుకున్నాను. మళ్లా గీసేది మర్చిపోయినాను."

అక్కడ ఉన్నవాళ్లకు అది చిన్న మాట. నాకు మాత్రం కాదు. ఏళ్ల తరబడి ముక్కల్ని తిప్పి చూసి తప్పు పట్టిన మనిషి, నేను పరధ్యానపు దాన్నని నలుగురిలో ఒప్పుకుంది. వాచ్‌మన్ వైపు తిరిగి, "తప్పయింది అప్పా" అంది. అతను బిత్తరపోయి సెల్యూట్ కొట్టాడు. ఇక తీర్మానానికి పని లేకుండా పోయింది. అగరుబత్తి వల్ల కాలితే కడ్డీని బయటికి పంపడానికి కుదరదు. కుర్చీలు ఎత్తుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చి, జీవితంలో మొదటిసారి నా చేతులు కాక మొహం చూసింది. "నువ్వు నిన్న మా ఇంట్లో ఏమీ వినలే" అంది. "వినలేదక్కా" అన్నాను.

ఆ తర్వాత చాలాకాలం ఆమెను ఆట పట్టించారు. ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా, "మేడం, అగరుబత్తులు మీకు దూరంగా పెట్టామండీ" అని ప్రెసిడెంటుగారు నవ్వేవాడు. ఆమె విని ఊరుకునేది. నాకు ఒళ్లు మండేది. ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చి మింగాను.

కొత్త కారు వచ్చింది, దానికీ కడ్డీ బిగించారు. మళ్లీ సుద్దగీత మొదలైంది. మరుసటి ఏడు ఆయుధపూజకు మేమంతా పళ్లేలు పట్టుకొని నిలబడి ఉంటే, ఆమె అవ్వను వెంటబెట్టుకొని లిఫ్టులో దిగింది. కర్ర కొసతో నేల మీది గీత తనే చెరిపింది, వంగి టైరు మీది సగాన్ని చీరకొంగుతో తుడిచింది. "కానీమ్మా" అంది. అవ్వ కడ్డీకి గంధం పూసి, పూలు చుట్టి, చేతులు జోడించింది. ఆమె మాత్రం పక్కనే నీళ్ల చెంబు పట్టుకొని, చుట్టుపక్కల కార్ల ముందు వెలుగుతున్న కర్పూరాలన్నింటినీ నేరస్తుల్ని చూసినట్టు చూస్తూ నిలబడింది. అవ్వ పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు, అరటిపళ్లు ఉన్నాయి. అగరుబత్తి లేదు. నేను గమనించాను. ఆమె గమనించకుండా ఉంటుందా.

అవ్వ పోయాక ఆమె ఫ్లాటు అమ్మేసి, బొమ్మసంద్ర దగ్గరే మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకొని వెళ్లిపోయింది. మొన్న కూరగాయలు కొనుక్కొని వచ్చి, మసి ఇంకా తుడుస్తున్న మేస్త్రీని చూసి, ఉండబట్టలేక ఆమెకు ఫోన్ చేశాను.

"అక్కా, బేస్‌మెంటుకు రంగులేస్తున్నారు. మీ చోటు మీద మసి పోవడం లేదు."

"ఎందుకు ఫోన్ చేసినావు?"

"ఊరికే."

"ఊరికే ఎవురూ చెయ్యరప్పా" అంది. గొంతు ముసలిదయింది, మాట అదే. పెయింటు ఏ కంపెనీది, మేస్త్రీ ఎవరు, ముందు గీకకుండా ఎందుకు కొట్టాడు, అన్నీ అడిగింది. అన్నీ అయ్యాక కూడా ఫోను పెట్టలేదు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మాయమ్మకి తెలిసినాదా?"

"ఏమక్కా?"

"తన అగరుబత్తి వల్లనే కాలిందని. ఆ మీటింగు అయినాక మాయమ్మ మళ్లా అగరుబత్తి ముట్టలే. కారుకే కాదు, ఇంట్లో దేవుని గూట్లో కూడా. ఎందుకమ్మా అంటే పొగకి దగ్గు వస్తాదనింది. ఆ దగ్గు నేను ఒక్క పొద్దూ వినలే. పొయ్యేదాకా నేను అడగలే, ఆమె చెప్పలే. నువ్వు ఆమెతో కూసోని కాఫీ తాగేవాడివి గదా. నీతో ఏమన్నా అనిందా?"

అంది. మీటింగు అయిన కొద్ది రోజులకే, లిఫ్టులో మేమిద్దరమే ఉన్నప్పుడు అంది. "అగరుబత్తి నేనే పెట్టినానని నా బిడ్డ మీటింగులో చెప్పిందంట గదా నాయనా. అది పుట్టినప్పటి నుండి దేవుని ముందర అగ్గిపుల్ల గీయలే" అంది. నేను అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడ్డాను. తలుపు తెరుచుకుంటుండగా నా చెయ్యి పట్టుకొని, "నేను అడిగినానని దానికి చెప్పొద్దు. నాకు తెలిసిందని తెలిస్తే అది బాధ పడతాది" అంది.

నేను ఫోను చెవి మార్చుకున్నాను.

"లేదక్కా. ఆమెకేమీ తెలియదు. పూజ చేశాను కాబట్టే నా బిడ్డ బతికిందని చివరిదాకా అనేది."

ఎట్ల చెప్తావు, నీకెట్ల తెలుసు, ఎప్పుడనింది, ఎక్కడనింది, ఇవన్నీ వస్తాయని కాచుకొని ఉన్నాను. అన్నింటికీ జవాబులు కూడా సిద్ధం చేసుకుంటున్నాను.

"సరేప్పా" అంది ఆమె. ఫోను పెట్టేసింది.

నేను చెప్పిన మాటను ఎందుకు, ఎట్లా అని అడగకుండా ఆమె ఒప్పుకున్నది అదొక్కసారే. అందుకే నాకు అనుమానం, ఆమె నమ్మలేదని.